కరెంటు లేనప్పుడు తిప్పిన పిడి

ఆ శనివారం పొద్దున పెనుకొండలో ప్యాసింజరు ఎక్కినప్పటి నుంచి హిందూపురంలో దిగేదాకా ఇస్సాకు మనసులో ఒకే మాట చెప్పుకుంటూ వచ్చాడు. ఈరోజు ఏదీ చదవకూడదు.

అనంతపురంలో బి.ఏ. చదివి, ముప్పయ్యేళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాల మీది అడ్రసులు చదివిన మనిషి. కళ్ళ ముందు అక్షరం కనిపిస్తే వదల్లేడు. గోడ మీది సున్నం కింద సగం చెరిగిపోయిన ప్రకటన కూడా నిలబడి పూర్తిచేస్తాడు. "నీతో బజారుకు వస్తే ఊళ్ళో బోర్డులన్నీ అయిపోయేదాకా ఇల్లు చేరేది లేదు" అని భార్య మంజుల నవ్వేది. ఆమె ఉన్నన్నాళ్ళూ అదొక సరదా అలవాటు. ఆమె పోయిన రెండేళ్ళకు, మొన్న డిసెంబరులో, అదే పెద్ద తప్పయి కూర్చుంది. హిందూపురం బస్టాండులో శనక్కాయల పొట్లం కొని, ఆ కాగితంలో వార్త సగమే ఉందని, మిగతా సగం కోసం పొట్లం విప్పుతూ ఉండగా ఐదేళ్ళ మనవరాలు కెజియా మడకశిర బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలింది. నాలుగు వీధులు దాటాక కండక్టరు టికెట్టు అడిగితే "మా తాత ఇస్తాడు" అందట. ఆయన బస్సు ఆపి, పిల్లను చంకనేసుకొని నడిచి వచ్చి అప్పజెప్పాడు. అంతా కలిపి పావుగంట.

కూతురు రాధ దానికి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇస్సాకు చాలాసార్లు అనుకున్నాడు. అప్పటి నుంచి పిల్లలిద్దర్నీ ఒకేసారి అతని వెంట పంపడం మాత్రం మానేసింది.

ఇప్పుడు ఎండాకాలం సెలవులు వచ్చాయి. రాధ హిందూపురం ఆసుపత్రిలో నర్సు. అల్లుడు అనిల్ లారీ తోలుతాడు, నెలలో ఇరవై రోజులు రోడ్ల మీదే. ఆరు వారాలు పిల్లలు ఎక్కడుండాలి? ధర్మవరంలో అనిల్ అక్క ఉంది. ఆమెకు నలుగురు పిల్లలు, రెండు మగ్గాలు, చిన్న ఇల్లు, పెద్ద మనసు. పెనుకొండలో ఇస్సాకు ఉన్నాడు. మూడు గదులు, ఒక్క మనిషి. సాయంత్రాలు ఆ ఇంట్లో గోడగడియారం చప్పుడు వంటింట్లోకి కూడా వినిపిస్తుంది.

"పిల్లోళ్ళను నా దగ్గరికి పంపు తల్లీ" అని రాధను ఫోనులో అడిగాడు.

"శనివారం నాకు డ్యూటీ ఉండాది నాయనా. ఇద్దర్నీ యాడికన్నా తీసుకపో. రెండు గంటలకు ఆసుపత్రి కాడికి తీసుకరా. చూద్దాం."

ఆ 'చూద్దాం'లో ఆరు వారాలూ ఉన్నాయని ఇస్సాకుకు అర్థమైంది.

ఎక్కడికి వెళ్ళాలో కెజియా అన్న అభిషేక్ ముందే తేల్చేశాడు. వాడికి ఏడేళ్ళు. వాళ్ళ క్లాసులో ఇద్దరు ఇప్పటికే చూసొచ్చిన ఫ్యాక్టరీ మ్యూజియం. ఊరి చివర పట్టుగూళ్ళ నుంచి దారం తీసే పాత ఫ్యాక్టరీ ఒకటి ఉంది. తొంభై ఒకటిలో మూతపడి, పన్నెండేళ్ళు పావురాలకు ఇల్లయింది. పోయిన ఏడాది పాత యజమాని మనవడు పావురాలను వెళ్ళగొట్టి, సున్నం వేయించి, యంత్రాలు తుడిపించి, ఒక్కోదాని పక్కన ఒక్కో బోర్డు పెట్టించి మ్యూజియం చేశాడు.

బోర్డులు. ఇస్సాకు గేటు లోపల అడుగుపెట్టగానే లెక్కపెట్టకుండానే చూశాడు, ఇరవైకి తక్కువ లేవు. తెల్ల రేకు మీద నల్లటి ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు. అతను కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"తాతా, అద్దాలు తీసేస్తే నీకు కనపడదు గదా?" అంది కెజియా.

"మీరిద్దరూ కనపడతారులే. అది చాలు."

కాపలాదారు దాసప్ప స్టూలు మీద నుంచి లేచి టికెట్లు చించి ఇచ్చాడు. ఒకప్పుడు ఇదే ఫ్యాక్టరీలో బాయిలరు చూసుకున్న మనిషి. ఇప్పుడు చల్లబడిన అదే బాయిలరుకు కాపలా.

"కరెంటు లేదు సార్. పది నుంచి పన్నెండు దాంకా కట్టు. ఫ్యాన్లు తిరగవు. ఉక్కపోస్తే నన్ను తిట్టుకోవద్దండి" అన్నాడు. "నేను గబుక్కున టీ తాగి వస్తా. దేన్నీ ముట్టుకోకుండా చూసుకోండి. పిల్లోళ్ళు గదా."

పెద్ద హాలు. రెండు వైపులా వరసగా రాతి తొట్లు, వాటి మీద చక్రాలు, చక్రాల పైన చెక్క రాట్నాలు. ఉడికిన గూళ్ళ వాసన గోడల్లో ఇంకా కొంచెం మిగిలే ఉంది. కెజియా ముక్కు మూసుకుంది. అభిషేక్ ప్రతి చక్రం దగ్గరా ఆగి, "ఇదేం చేస్తుంది తాతా?" అని అడిగాడు. పక్కనే బోర్డు ఉంది, అద్దాలు జేబులో ఉన్నాయి. "ఇది తిరుగుతుంది నాయనా" అన్నాడు ఇస్సాకు. మూడోసారి కూడా అదే చెప్తే వాడు జాలిగా చూశాడు.

హాలు చివర ఒక చిన్న గది. అందులో గోడకు, సరిగ్గా ఏడేళ్ళ పిల్లవాడి ముక్కు ఎత్తులో, ఎర్ర పిడి ఉన్న ఇనప డబ్బా బిగించి ఉంది. దాని నుంచి లావుపాటి తీగ గోడెక్కి పైకప్పు దాటి పోయింది. పక్కన బోర్డు. మిగతా వాటికన్నా పెద్దది.

అదొక్కటి చదివితే తప్పేమిటి అనిపించింది ఇస్సాకుకు. పిల్లలు రెండు చేతుల దూరంలోనే ఉన్నారు. అద్దాలు పెట్టుకున్నాడు.

అది సైరను. ఉదయం ఆరుకు, రెండుకు, రాత్రి పదికి షిఫ్టు మారేటప్పుడు మోగేదట. ఊళ్ళో సగం మంది దీన్ని విని గడియారాలు సరిచేసుకునేవారట. వేళ కాని వేళ మోగితే మాత్రం లోపల ప్రమాదమని గుర్తు. అక్కడి నుంచి బోర్డు రెండో పేరాలోకి వెళ్ళింది.

"తాతా, ఇది తిప్పొచ్చా?"

"కరెంటు లేదు గదప్పా" అన్నాడు ఇస్సాకు బోర్డు మీది నుంచి కళ్ళు తీయకుండా. "తిప్పుకో."

అభిషేక్ రెండు చేతులతో వేలాడి పిడిని కిందికి లాగాడు. టక్కుమని పడింది. ఏమీ కాలేదు. నోటితోనే "బొయ్య్" అని అరిచి, చెల్లెల్ని ఉలిక్కిపడేలా చేసి, తృప్తిగా బయటికి పరిగెత్తాడు. పిల్లలు కదిలారని గమనించి ఇస్సాకు కూడా బోర్డును మధ్యలో వదిలేసి వాళ్ళ వెనక నడిచాడు. రెండో పేరా పూర్తి చేయకుండా వచ్చినందుకు తనను తాను మెచ్చుకున్నాడు కూడా.

పిడి కిందికే ఉంది.

ఆ ప్రాంతంలో కరెంటు పోయినప్పుడు స్విచ్చు వేసి మరిచిపోని ఇల్లు లేదు. రైతులు మోటార్ల స్విచ్చులు వేసే ఉంచి నిద్రపోతారు. కరెంటు వచ్చినప్పుడే వస్తుంది. మామూలుగా అది పన్నెండు దాటాకే వస్తుంది. ఆ రోజు పదకొండున్నరకు వచ్చింది.

ముందు పైకప్పు మీద ఏదో గొంతు సవరించుకున్నట్టు గురగుర వినిపించింది. ఆ తర్వాత వచ్చిన శబ్దానికి రాతి తొట్లు కూడా వణికాయి. అది పెరిగింది, ఇంకా పెరిగింది, ఆగలేదు. ఇస్సాకుకు ఏం జరుగుతోందో తెలియలేదు. కెజియాను ఎప్పుడు ఎత్తుకున్నాడో, అభిషేక్ చొక్కా ఎప్పుడు పట్టుకున్నాడో కూడా తెలియలేదు. ముగ్గురూ హాలు దాటి ముందరి వేపచెట్టు కింద పడ్డాక చూసుకుంటే కాళ్ళకు చెప్పులు లేవు.

"నేను తిప్పిందే తాతా! నేను తిప్పిందే!" అని అభిషేక్ ఏడుస్తున్నాడు. సైరను మోతలో వాడి నోరు మాత్రమే కనిపించింది.

దాసప్ప చేతిలో టీ గ్లాసుతోనే పరిగెత్తుకొచ్చి లోపలికి దూరాడు. సైరను దిగజారుతూ, మూలుగుతూ ఆగిపోయింది. అప్పుడు గేటు దగ్గర అడుగుల చప్పుడు వినిపించింది.

ముందుగా వచ్చినది ఒక ముసలామె. చేతులనిండా రాగిపిండి. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకొని, "నీలావతీ! ఒసే నీలావతీ!" అని అరుస్తూ గేటు దాటి బాయిలరు గది వైపు పరిగెత్తింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. ఆ వెనక మల్లప్ప అనే నడుము వంగిన ముసలాయన, స్నానానికి తోడుకున్న నీళ్ళ బక్కెట్టుతో, ఒంటి మీద తువ్వాలు మాత్రమే. మొత్తం పది పన్నెండు మంది. అందరూ పక్క సందులో ఉండే పాత పనివాళ్ళు. వేళ కాని వేళ కూత వినపడితే ఎవరు ఎటు పరిగెత్తాలో, ఎవరు నీళ్ళు తేవాలో ఆ రోజుల్లో నేర్పించారు. ఫ్యాక్టరీ మూసినప్పుడు దాన్ని మరిచిపొమ్మని ఎవరూ చెప్పలేదు.

"ఏమీ లేదు పుల్లమ్మక్కా! ఏమీ కాలేదు!" దాసప్ప చేతులు అడ్డం పెట్టాడు.

పుల్లమ్మ బాయిలరు గది గుమ్మంలో ఆగింది. లోపల తుడిచిన ఇనుము, రిబ్బను కట్టిన తాడు, బోర్డు. చాలాసేపు చూసింది. తర్వాత తన పిండి చేతులు చూసుకుంది.

"నీలావతి గుడిబండలో మనవరాలికి జడలేస్తాంటుంది ఈ పొద్దుకు" అంది మెల్లగా. "నేనేమో ఈడికొచ్చి దాన్ని పిలుస్తాండా." నీలావతి ఆమె చెల్లెలు. ఒకప్పుడు ఆవిరి గొట్టం పగిలి ఆ చెల్లెలి చెయ్యి కాలినప్పుడు ఇలాగే సైరను మోగింది. పుల్లమ్మ ఇదే గుమ్మం దాకా పరిగెత్తింది.

ఎవరో మొదట నవ్వారు. మల్లప్ప బక్కెట్టునూ తువ్వాలునూ చూసి ఇంకొకరు నవ్వారు. "ఏమప్పా మల్లప్పా, ఉండే తువ్వాలు గట్టిగా పట్టుకో. దాన్ని కూడా మ్యూజియంలో పెడతారు" అంది ఒకామె. మల్లప్ప బక్కెట్టు దించి, ఉన్న కొద్దిపాటి మర్యాదను బిగించి కట్టుకున్నాడు.

ఇస్సాకు ముందుకు వచ్చాడు. "పిల్లోడు తిప్పినాడమ్మా. తిప్పమని చెప్పింది నేను. కరెంటు లేదనుకుంటి. తప్పు నాది."

దాసప్ప అతని మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "సార్, ఆ మాట మళ్ళా అనొద్దండి. నేను టీకి పోయినానని ఓనరుకు తెలిస్తే నా పని అయిపోతుంది. వైరు షార్టయిందని చెప్తా. పాత వైరే గదా, ఎవరైనా నమ్ముతారు. మీరూ అదే అనండి." అభిషేక్ ఆ మాట విన్నాడు. వాడి ఏడుపు టక్కున ఆగింది. "షార్టయింది తాతా" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ, కొత్త పాఠం అప్పజెప్పినట్టు.

పుల్లమ్మ ఇస్సాకు చెప్పుల్లేని కాళ్ళను చూసింది. ఎవరినో పంపి చెంబుతో మజ్జిగ తెప్పించింది. "తాగు సామీ. నువ్వు భయపడినంతగా మేము గూడా భయపడలా" అంది. అతను తాగుతుంటే ఆమె కెజియా ముందు చతికిలబడింది.

"ఏం బంగారూ, అన్నీ చూసినావా?"

"చూసినా. అన్నీ తిరుగుతాయంట" అంది కెజియా.

"తిరగడమేనా? దారం యాడ నుంచి వస్తాదో ఎవరూ చెప్పలేదా?" పుల్లమ్మ లేచి దాసప్ప వైపు చూసింది. "ఆ గాజు సీసాలో గూళ్ళు రెండు తియ్యి. టీ అంగట్లో కాగే నీళ్ళు తెప్పియ్యి."

"సీసా తెరవకూడదక్కా, ఓనరు..."

"వైరు షార్టయినప్పుడు సీసా గూడా పగిలిందని చెప్పు."

వేడినీళ్ళు వచ్చాయి. పుల్లమ్మ పిండి కడుక్కొని, హాలు చివర కూర్చొని, సత్తు గిన్నెలో రెండు గూళ్ళు వేసి ఊరనిచ్చింది. చీపురు పుల్లతో నెమ్మదిగా నిమిరింది. ఆమె వేళ్ళ కొనలు నునుపుగా, గీతలు లేకుండా ఉండటం ఇస్సాకు చూశాడు. పంతొమ్మిదేళ్ళు వేడినీళ్ళలో నానిన వేళ్ళు. పుల్లకు బూజులాంటిది అంటింది. దాన్ని పక్కకు తీసేసి, తీసేసి, చివరికి కంటికి కనిపించీ కనిపించనట్టున్న ఒక్క పోగు పట్టుకుంది.

"ఇదీ కొన. ఇది దొరికేదాంకా మా మేస్త్రీ నన్ను ఇంటికి పోనిచ్చేటోడు కాదు. మొదటి రోజు దొరకలేదని ఏడ్చినా." ఆమె ఆ కొనను కెజియా వేలికి చుట్టింది. "ఇట్ల పట్టుకొని మెల్లగా నడువు. లాగొద్దు. ఊరకే నడువు."

కెజియా నడిచింది. చెయ్యి ముందుకు చాచి, ఊపిరి బిగబట్టి, నిండు నీళ్ళ గిన్నె మోస్తున్నట్టు. హాలంతా నడిచింది. నీళ్ళలో గూడు చిన్న చేపలా గిరగిర తిరుగుతోంది. కిటికీ ఎండలో పోగు ఒక్కసారి మెరిసి మాయమవుతోంది. అడ్డంగా నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే వంగి దారి ఇచ్చారు. మల్లప్ప కూడా తువ్వాలు పట్టుకుని వంగాడు.

"ఇంకా ఉండాదా అవ్వా?" గుమ్మం దగ్గర నుంచి అరిచింది కెజియా.

"పో, పో! నువ్వు ధర్మవరం దాంకా పోయినా... సరే, అంత కాదులే, రైలు స్టేషను దాంకా వస్తాది. మేము తీసిన దారం మటుకు ధర్మవరం పోయేది. ఆడ పెండ్లి చీరలు నేసేటోళ్ళు."

వేపచెట్టు దగ్గర గాలి తగిలి పోగు తెగింది. కెజియా మొహం చిన్నబోయింది. పుల్లమ్మ పుల్లతో మళ్ళీ నిమిరి, ఇంకో కొన తీసి, ఈసారి అభిషేక్ వేలికి చుట్టింది. సైరను మోగించిన వేలే అది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇస్సాకు వెనకాల సైరను గదిలో సగం చదివిన ఆ పెద్ద బోర్డు ఉంది. అతను దాని వైపు తిరగలేదు. నడుస్తున్న పిల్లవాణ్ణే చూస్తూ కూర్చున్నాడు. మంజుల ఉంటే ఇప్పుడు ఏమనేదో అనుకున్నాడు. ఏమీ అనేది కాదు, పుల్లమ్మ పక్కన కూర్చొని ఆ గిన్నెలో తానూ వేలు పెట్టేది.

రెండు గంటలకు ఆసుపత్రి ముందర రాధ బయటికి వచ్చింది. వస్తూనే పిల్లలిద్దర్నీ పైనుంచి కిందికి చూసింది. ఇద్దరూ ఉన్నారు. నాలుగు చెప్పులూ ఉన్నాయి. దాసప్ప వెదికి ఇచ్చాడు.

"ఈ పొద్దు ఏం జరిగిందో తెలుసునా నాయనా?" అంది బెంచీ మీద కూలబడుతూ. "ఆ మూతపడిన ఫ్యాక్టరీ సైరను మోగింది. మా ఆయా జయలక్ష్మమ్మది ఆ సందే. చేతిలో ఉండే ట్రే కింద పడేసి, 'కాలినోళ్ళు వస్తారు, మంచాలు ఖాళీ చేయండి' అని ఒకటే అరుపు. నేను గూడా నమ్మినా. ఆరు మంచాలకు దుప్పట్లు మార్చినాం. గుడ్డలు, మందులు అన్నీ పెట్టుకొని గంట నిలబడినాం. ఒక్కరన్నా రాలా. కడకు ఎవరో వచ్చి చెప్పినారు, వైరు షార్టయిందంట." ఆమె అలిసిపోయి నవ్వింది. "పోనీ. మీకు ఎట్లుండె?"

అభిషేక్ తాత వైపు చూశాడు. ఆ చూపులో ఆశ, బతిమాలడం, కుట్ర మూడూ ఉన్నాయి. ఇస్సాకుకు పెనుకొండ ఇల్లు గుర్తొచ్చింది. పిల్లల కోసం ముందే కడిగి ఆరబెట్టి వచ్చిన రెండు చిన్న కంచాలు గుర్తొచ్చాయి. నోరు మూసుకుంటే చాలు. అబద్ధం కూడా తాను చెప్పక్కర్లేదు. ఎవరో చెప్పి వెళ్ళారు, ఆమె నమ్మింది.

"వైరు షార్టు కాలేదమ్మా" అన్నాడు. "వీడు పిడి తిప్పినాడు. కరెంటు లేదు, తిప్పుకోమని నేనే చెప్పినా. బోర్డు చదువుకుంటా చెప్పినా. మళ్ళా పైకి లేపాలని తోచలేదు. కరెంటు వచ్చి మోగింది."

రాధ నవ్వు ఆగింది. అభిషేక్ బెంచీ వెనక్కి పోయాడు.

"నువ్వేనా?"

"నేనే. ఇంక ధర్మవరమే పంపుతావేమో. పంపినా నీది తప్పు లేదు. ఆ ఆరు మంచాల కష్టం గూడా నాదే."

కెజియా మధ్యలో దూరి, దారం రైలు స్టేషను దాకా వస్తుందని, తాను వేపచెట్టు దాకా తీసుకుపోయానని, తాత తమ ఇద్దర్నీ ఎత్తుకొని గుర్రంలా పరిగెత్తాడని చెప్పింది. "ఇద్దర్నీనా?" అని అడిగింది రాధ. "నన్ను ఎత్తుకొని, అన్నను ఈడ్చుకోని" అని కెజియా సరిచేసింది.

"నేను చిన్నపిల్లల వార్డులో ఉండా నాయనా" అంది రాధ చివరికి. "రోజూ చూస్తా. పిల్లోడు ఏందో మింగినాడని ఎత్తుకొస్తారు. ఏం మింగినాడంటే చెప్పరు. తిడతారని భయం. మేము చీకట్లో వెదుకుతాంటాం. ఏం జరిగిందో జరిగినట్టు చెప్పేటోళ్ళు వస్తే సగం వైద్యం అయిపోయినట్టే." మాట ఆపి చెంగుతో మెడ మీది చెమట తుడుచుకుంది. "నా పిల్లోళ్ళకు ఏదన్నా అయితే నువ్వు దాస్తావేమో, నన్ను కష్టపెట్టకూడదని సర్దేస్తావేమో అని నా భయం. నువ్వు చదువుకుంటా ఉండిపోయేదానికన్నా అదే పెద్ద భయం."

ఇస్సాకు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

రాధ లేచి సంచీ భుజానికి తగిలించుకుంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"అది సరేగానీ, పెనుకొండలో మన బోరు మోటరు స్విచ్చు యాడుండాది? ఎంత ఎత్తులో?"

ఇస్సాకు తన ఛాతీ దగ్గర చెయ్యి అడ్డంగా పెట్టి చూపించాడు. అభిషేక్ బెంచీ వెనక నుంచి వచ్చి ఆ చెయ్యి కింద నిలబడి, మునివేళ్ళ మీద లేచి, చేతులు పైకి చాచాడు. వాడి వేళ్ళు తాత అరచేతిని దాటి జానెడు పైకి పోయాయి.

"అందుతుంది" అన్నాడు నిజాయితీగా.

"అయితే సోమవారం పొద్దున ప్యాసింజరుకు వీళ్ళ బట్టలతో పాటు ఆ స్విచ్చు డబ్బాకు ఒక తాళం కూడా తెస్తా" అంది రాధ.